కమ్మరి కుమారుడు మైఖేల్ ఫారడే

చదువవలసిన వాక్యభాగములు: కీర్తన 111, మత్తయి 4:23-25, మత్తయి 6:19-34, రోమా 1:18-23

ఎండకాలములో బోరు మోటారు కాలిపోయినయెడల మనమేమి చేయుదుము? దానిని పైకి లాగి, బండిమీద వేసికొని, సంగారెడ్డికో జోగిపేటకో పటాన్‌చెరుకో వైండింగు దుకాణమునకు కొనిపోవుదుము. అచ్చట పనివాడు మాడిపోయిన తీగెను ఊడబెరికి, క్రొత్త రాగి తీగెను ఒక్కొక్క చుట్టు లెక్కించుచు చుట్టును. లెక్క తప్పితే మోటారు తిరుగదు. చుట్టుకు చుట్టు తగిలితే మరల కాలును. ఆ దుకాణపు బల్లమీద కూర్చుండి ఈ పనిని చూడని రైతు మనలో ఎవడును లేడు.

అట్టి రాగి తీగె చుట్టనే ఆవగింజకంటె చిన్నదిగా చేసి, మనుష్యుని మెదడులో పెట్టి, వణకు చేతులను, చూపులేని కన్నులను బాగుచేయవచ్చునా అని నేడు కొందరు శాస్త్రజ్ఞులు పరిశోధించుచున్నారు. ఇట్టివాటిని గూర్చి విని మన సంఘములలో రెండు కుటుంబములవారు నన్ను ఒక ప్రశ్న అడిగిరి. ప్రార్థన పుట్టు చోట అయస్కాంతమును పెట్టనిచ్చుట విశ్వాసికి తగునా? అది మంత్రగాని పనికి దగ్గరి పని కాదా? వారిలో ఒకరి ఇంట రోగియున్నాడు గనుక వారు ఊరక అడిగినది కాదు. నేను వైద్యుడను కాను. అయితే ఆ చుట్టను మొదట చుట్టి దాని మర్మమును కనుగొనిన మనుష్యుని జీవితము నాకు కొంత తెలియును. ఆయన తన సంఘములో పెద్దగా నిలిచి వాక్యము బోధించినవాడు. వారికి జవాబుగా ఆయన కథను ఈ నెల వ్రాయుచున్నాను.

మైఖేల్ ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22న లండను నగరమునకు దక్షిణముననున్న న్యూయింగ్టన్ బట్స్ అను చోట జన్మించెను. తండ్రి జేమ్సు కమ్మరి. ఉత్తర దేశములోని కొండపల్లెనుండి కూలి వెదకుకొనుచు పట్టణమునకు వచ్చినవాడు. మన జిల్లాలో పొలము చాలక పాశమైలారమునకును, బొల్లారమునకును, రామచంద్రాపురమునకును వచ్చి కిరాయి గదులలో కాపురమున్నవారి సంగతి ఎట్టిదో వారి సంగతియు అట్టిదే. తండ్రికి తరచుగా జబ్బు. కొలిమి ఆరినదినమున ఇంట పొయ్యియు ఆరును. నలుగురు బిడ్డలలో మైఖేల్ మూడవవాడు. 1801లో ధాన్యము ధర విపరీతముగా పెరిగినప్పుడు ఆ పిల్లవానికి వారమునకు ఒక్క రొట్టె ఇయ్యబడెను. తల్లి మార్గరెట్ దానినిచ్చిన తరువాత అది ఏడు దినములకు చాలునట్లు కోసికొని తినుట పిల్లవాని పని. బడిలో చదువుట, వ్రాయుట, కొంచెము లెక్కలు తప్ప అతడు మరేమియు నేర్వలేదు.

ఆ కుటుంబము చేరియున్న సంఘము చాల చిన్నది. స్కాట్లండు దేశపు జాన్ గ్లాస్ అను బోధకుడును, ఆయన అల్లుడైన రాబర్ట్ శాండెమన్ అను ఆయనయు దానిని నడిపినందున దానికి శాండెమనీయుల సంఘమని పేరు వచ్చెను. జీతము తీసికొను పాదిరి వారికి లేడు. సంఘమే పెద్దలను ఏర్పరచుకొనును. ఆదివారమున రెండు ఆరాధనల నడుమ అందరును కలిసి ప్రేమవిందు తినుదురు. ధనము కూడబెట్టుకొనుట తప్పని, మత్తయి సువార్త ఆరవ అధ్యాయమును వారు అక్షరాల గైకొనుచుండిరి. ఈ చివరి సంగతిని జ్ఞాపకముంచుకొనుడి. తరువాత దానితో పని కలదు.

1804లో మైఖేల్ రీబో అను పుస్తక వ్యాపారియొద్ద పనికి కుదిరెను. ఆ కాలమున వార్తాపత్రిక కొనలేనివారు అద్దెకు తెప్పించుకొనుచుండిరి. ఇంటింటికి దానినిచ్చి, చదువుట అయిన పిమ్మట తిరిగి తెచ్చుట అతని పని. సంవత్సరము నమ్మకముగా పనిచేసినందున రీబో రుసుము తీసికొనకయే అతనిని ఏడేండ్లు పుస్తకములు కుట్టి అట్టలు వేయు పనిలో శిష్యునిగా చేర్చుకొనెను. ఇతర పిల్లలు అట్టలు వేసి పుస్తకములను అవతల పెట్టుచుండగా ఇతడు వాటిని విప్పి చదువుచుండెను. విద్యుత్తును గూర్చిన వ్యాసము బ్రిటానికా విజ్ఞాన సర్వస్వములో అతనికి ఆ విధముగానే దొరికెను. జేన్ మార్సెట్ అను స్త్రీ రసాయన శాస్త్రమును సంభాషణలుగా వ్రాసిన పుస్తకమును, ఐజక్ వాట్స్ మనస్సును వృద్ధిపరచుకొను విధమును గూర్చి వ్రాసిన పుస్తకమును అతడు చదివెను. ఈ వాట్స్ ఎవరో కాదు, ఇంగ్లీషు సంఘములు నేటికిని పాడుచున్న అనేక కీర్తనలు వ్రాసిన బోధకుడే. నోటు పుస్తకముంచుకొమ్మని, విన్నదానిని వ్రాసికొమ్మని, ఒక్క నిదర్శనముతో త్వరపడి తీర్పు తీర్చవద్దని ఆయన ఇచ్చిన సలహాను ఆ కుఱ్ఱవాడు జీవితమంతయు విడువలేదు.

సాయంకాలములయందు టేటమ్ అను ఆయన తన ఇంట శాస్త్రోపన్యాసములిచ్చుచుండెను. ఒక్కొక్కదానికి ఒక షిల్లింగు. కమ్మరియైన అన్న రాబర్టు తన కూలిలోనుండి ఆ షిల్లింగు ఇచ్చుచుండెను. ఫారడే చరిత్ర వ్రాయువారు ఈ అన్నను ఒక్క మాటలో దాటిపోవుదురు. తండ్రి 1810లో చనిపోయెను. ఆ ఇంట షిల్లింగు విలువ ఎంతయో వారికి తెలియదు కాబోలు.

1812లో రీబో దుకాణమునకు వచ్చు ఒక పెద్దమనిషి ఇచ్చిన టిక్కెట్లతో ఫారడే రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అను శాస్త్రశాలకు పోయి, హంఫ్రీ డేవీ దొరగారి ఉపన్యాసములు నాలుగు వినెను. విన్నదంతయు మూడువందలకు పైగా పుటలలో వ్రాసి, బొమ్మలు గీసి, తన చేతులతోనే బైండు చేసి, ఉద్యోగము కొరకు ఒక ఉత్తరముతో కూడ ఆ సంవత్సరాంతమున డేవీకి పంపెను. కొన్ని వారములకు ఒక సహాయకుడు కొట్లాడి పని పోగొట్టుకొనెను. 1813 మార్చి 1న ఫారడే ఆ స్థలములో చేరెను. వారమునకు 25 షిల్లింగులు, మేడమీద రెండు గదులు, బొగ్గులు, కొవ్వొత్తులు, ఇది జీతము. సీసాలు కడుగుట మొదలుకొని అన్ని పనులును చేయవలెను.

ఆ సంవత్సరమే డేవీ దంపతులు ఐరోపా యాత్రకు బయలుదేరి ఇతనిని వెంట తీసికొనిపోయిరి. శాస్త్ర సహాయకుడని పేరు, చేయునది పరిచారకుని పని. డేవీ భార్య అతనిని సేవకులతో కూర్చుండి భుజింపజేసెను. అతనికి తిరిగి పోవలెనని పలుమారులు తోచెను. అయినను ఆ యాత్రలో పారిసులో ఆంపియరును, మిలానులో ముసలివాడైన వోల్టాను చూచెను. కరెంటు పని తెలిసిన మన పిల్లలందరికిని ఈ ఇద్దరి పేర్లును తెలియును, మనుష్యులవని తెలియకపోయినను.

1821లో ఆయన సారా బర్నార్డును వివాహము చేసికొనెను. ఆమెయు ఆ సంఘపు బిడ్డయే. నెల తిరిగిన తరువాత ఫారడే సంఘము ఎదుట తన విశ్వాసము ఒప్పుకొని సభ్యుడాయెను. ముందుగా భార్యతో కూడ చెప్పలేదు. అది తనకును దేవునికిని మధ్య సంగతి అని తలంచెను. అదే సంవత్సరము సెప్టెంబరులో విద్యుత్తు ప్రవహించు తీగె అయస్కాంతము చుట్టు ఎడతెగక తిరుగునట్లు చేసెను. మన బావులమీద తిరుగు మోటారులకు అది మూలము.

ఇక 1831 ఆగస్టు 29వ తేది. అంతకు పదకొండేండ్ల క్రిందట డెన్మార్కు దేశపు ఎర్‌స్టెడ్, విద్యుత్తు పారు తీగె దగ్గర అయస్కాంతపు సూది కదలునని కనుగొనియుండెను. విద్యుత్తు అయస్కాంతమును పుట్టించినయెడల అయస్కాంతము విద్యుత్తును పుట్టింపవలదా? ఫారడే ఆరు అంగుళముల వెడల్పుగల మెత్తని ఇనుప ఉంగరమును చేయించెను. దానికి ఒక ప్రక్క రాగి తీగెను చుట్టెను, ఎదుటి ప్రక్క వేరొక తీగెను చుట్టెను. ఇప్పటివలె లక్క పూసిన తీగె ఆయనకు లేదు. గనుక చుట్టుకు చుట్టుకు నడుమ దారమును, వరుసకు వరుసకు నడుమ నూలుగుడ్డను వేసెను. పుస్తకములు కుట్టిన చేతులకు ఆ పని తెలియును. రెండు తీగెలు ఎచ్చటను ఒకదానికొకటి తగులవు. మొదటి తీగెను బ్యాటరీకి కలిపెను. రెండవ తీగె దగ్గరనున్న సూది చటుక్కున కదిలి, ఊగి, మరల యథాస్థానమున నిలిచెను. విద్యుత్తు పారుచున్నంతసేపు సూది కదలలేదు. తీగెను బ్యాటరీనుండి తీసివేయగానే మరల కదిలెను, ఈసారి ఎదురు దిక్కునకు.

ఈ ఒక్క సంగతి గ్రహించినవారికి మిగిలినదంతయు తెలిసినట్టే. మజ్జిగ కుండలో కవ్వమును నిలిపి రోజంతయు కాచుకొనినను వెన్న రాదు. త్రాడును ఇటు అటు లాగినప్పుడే వచ్చును. అయస్కాంతమును అట్టిదే. కదలక నిలిచియున్నది తీగెలో ఏమియు పుట్టించదు. దాని బలము పెరుగునప్పుడును తగ్గునప్పుడును మాత్రమే ఎదుటి తీగెలో విద్యుత్తు పుట్టును. అక్టోబరు 17న ఆయన ఉంగరము లేకయే, గొట్టమువలె చుట్టిన తీగెలోనికి అయస్కాంతపు కడ్డీని త్రోసి, లాగి, అదే ఫలమును చూచెను. అక్టోబరు 28న పెద్ద అయస్కాంతపు కొసల నడుమ రాగి చక్రమును త్రిప్పి ఎడతెగని విద్యుత్తును తీసెను. రామచంద్రాపురములోని బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారములో ఇల్లంత జనరేటర్లు చేసిన చేతులు మన సంఘములలో ఉన్నవి. వారు చేసినది ఆ చక్రమునకు మునిమనుమడినే. అమెరికాలో జోసెఫ్ హెన్రీ అను ఉపాధ్యాయుడును దాదాపు అప్పుడే ఈ సంగతిని కనుగొనెను గాని ముందుగా ప్రకటించినది ఫారడే.

అయితే నరములకును మెదడుకును దీనితో సంబంధమేమి? ఫారడే పుట్టిన 1791లోనే ఇటలీలో గాల్వానీ, చచ్చిన కప్ప కాలు విద్యుత్తుకు ఎగిరిపడుటను గూర్చి ప్రకటించెను. 1838లో లండనుకు దక్షిణ అమెరికానుండి ఒక విద్యుత్తు చేప తేబడెను. పామువలె పొడుగైన ఆ చేపను ఫారడే రెండు చేతులతో పట్టుకొని దాని దెబ్బ తినెను. దాని శక్తితో సూదులను అయస్కాంతములుగా మార్చి, నిప్పురవ్వను పుట్టించి, అది బ్యాటరీలోని విద్యుత్తువంటిదేనని చూపెను. జీవములేని వస్తువులలోని విద్యుత్తు ఎంత ఆశ్చర్యమైనదైనను నరములలో పనిచేయు శక్తి అంతకంటె గొప్ప విషయమని ఆయన వ్రాసెను. దానిని తేల్చుటకు ఆయనకు సాధనములు లేకపోయెను.

ఆయన అనంతరము ఇతరులు ఆ దారిని పట్టిరి. 1896లో ఫ్రాన్సు దేశపు డార్సన్వాల్ పెద్ద తీగె చుట్టలో మనుష్యుని తల నుంచి విద్యుత్తును త్వరత్వరగా మార్చగా, కన్నుల యెదుట వెలుగులు మిణుకుమిణుకుమనెను. 1910లో ఇంగ్లండులో సిల్వేనస్ థాంప్సన్ తన తలనే చుట్టలో పెట్టుకొని అదే చూచెను. ఈ థాంప్సన్ 1898లో ఫారడే జీవిత చరిత్రను వ్రాసినవాడు. తాను వ్రాసినదానిని తన తలమీదనే పరీక్షించుకొనిన చరిత్రకారుని మరొకనిని నేనెరుగను. తరువాత 1985లో షెఫీల్డ్ పట్టణములో ఆంథొనీ బార్కర్ అను ఆయన, తలమీద చుట్టను ఉంచి మెదడును తట్టి, రోగికి నొప్పి తోచకుండ చేతివ్రేళ్లను కదల్చెను. ఎట్లనగా, పుఱ్ఱె ఎముక విద్యుత్తును అడ్డగించును గాని అయస్కాంత బలమును అడ్డగింపలేదు. లోపల మెదడు ఉప్పునీటితో తడిసియున్నది, అది తీగెవంటిదే. గనుక బయటి చుట్టలో మారు విద్యుత్తు లోపల చిన్న ప్రవాహమును పుట్టించును. ఫారడే ఉంగరములో రెండవ ప్రక్కనున్న తీగె స్థానములో మనుష్యుని మెదడున్నది, అంతే భేదము. మందులకు లొంగని మనోవ్యాకులతకు ఈ చికిత్సను 2008లో అమెరికా ప్రభుత్వ సంస్థ అనుమతించెను. హైదరాబాదులోను దీనిని చేయు వైద్యులున్నారు.

బయటి చుట్టకు ఒక లోపమున్నది. దాని బలము పైపొరలకే చేరును, విశాలమైన చోటునంతటిని కదల్చును. లోతున ఒక చిన్న చోటనే పని చేయవలెనన్నయెడల లోహపు తీగెను లోపలికి దింపవలెను. 1987లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్ నగరమున బెనబీ అను వైద్యుడు వణకు రోగులకు అట్లు చేసి మేలు కనుగొనెను. మన హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలోను ఈ శస్త్రచికిత్స జరుగుచున్నది. అయితే ఆ తీగె కొన మెదడు మాంసమునకు నేరుగా తగిలి విద్యుత్తునిచ్చును. దేహము పరాయి వస్తువును ఎరిగి దాని చుట్టు మచ్చ కట్టును. విద్యుత్తును అన్ని దిక్కులకు చెదరి, అవసరములేని నరపు పోగులను కూడ తాకును. గనుక అమెరికాలోని బోస్టను నగరమున మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రికి చెందిన బొన్మసార్, ఫ్రీడ్ మొదలైనవారు, లోపల పెట్టునది నగ్నమైన తీగె గాక పూత పూసిన చుట్ట అయిన మేలుకాదా అని ఆలోచించిరి. 2012లో మిల్లీమీటరు ప్రమాణముగల చుట్టతో కంటి తెర నరకణములను కదల్చగలిగిరి. 2016లో వెండ్రుకవలె సన్నని తీగెను కొనయందు వంచి, ఎలుక మెదడులో దింపి, దాని మీసములు కదలునట్లు చేసిరి. వంపు ఏ దిక్కుననుండునో ఆ దిక్కున సాగిన నరపు పోగులే కదలును, అడ్డముగా పోవునవి ఊరకుండును. ఇది దాని గొప్ప లాభము. అంత చిన్న చుట్టకు ఎక్కువ విద్యుత్తు కావలెను, ఎక్కువైన వేడి పుట్టును. అది దాని చిక్కు. ఇది ఇంకను పరిశోధనయే గాని ఆసుపత్రులలో రోగులకు మామూలుగా ఇచ్చు చికిత్స కాదు. ఎవడైనను వచ్చి డబ్బు కట్టుడి, రేపే పెట్టించెదనని చెప్పినయెడల నమ్మవద్దు. జాతరలలో నొప్పులకు, పక్షవాతమునకు అమ్ము అయస్కాంతపు కడియములను గూర్చియు ఒక మాట. కదలక మారక యుండు అయస్కాంతము ఈ పనిని చేయజాలదని ఆగస్టు 29నాడే తేలిపోయినది.

ఫారడే జీవితమునకు తిరిగి వత్తము. ఆయన పేరు పెరిగిన కొలది కంపెనీలవారు రసాయన పరీక్షలకు ఆయనయొద్దకు వచ్చిరి. ఆ దారిన పోయిన ఆయన ధనవంతుడయ్యెడివాడు. పరిశోధన కొరకు ఆయన ఆ రాబడిని దాదాపు పూర్తిగా విడిచిపెట్టెను. ప్రభువు బిరుదును తీసికొనలేదు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని 1857లో నిరాకరించెను. 1835లో ప్రధానమంత్రి ప్రభుత్వ భృతిని గూర్చి మాటలాడుచు అట్టి భృతులను తేలికచేసి పలుకగా, ఫారడే వద్దని లేచి వచ్చెను; ఆ దొర లిఖితముగా విచారము తెలుపు వరకు పుచ్చుకొనలేదు. పేదవాడు కోపపడకూడదని ఎచ్చట వ్రాయబడియున్నది?

సంఘములో 1840లో ఆయన పెద్దగా ఏర్పరచబడెను. ప్రతి మూడవ మనిషి ఆయన ఉపన్యాసములకు పడిచచ్చు లండనులో, ఆదివారమున ఆయన ప్రసంగములు మాత్రము చప్పగా నుండెడివట. ఒక వాక్యమునుండి మరియొక వాక్యమునకు పోవుచు లేఖనమునే చదివి కూర్చుండెడివాడు. 1844 మార్చిలో సంఘము ఆయనను మరికొందరితో కూడ వెలివేసెను. ఆదివారమున రాణిగారి విందుకు పోయినందున అని ఒక కథ చెప్పుదురు గాని, చరిత్ర పరిశోధకులు చూడగా అది సంఘములోని క్రమశిక్షణను గూర్చిన తగవు అని తోచుచున్నది. లోకములోని రాజసభలన్నియు గౌరవించు మనుష్యుడు, ఒక చిన్న సంఘము తలుపు బయట నిలిచి, తిరిగి చేర్చుకొనుడని అడిగెను. ఐదు వారములకు చేర్చుకొనిరి. పెద్దరికము మాత్రము పోయెను; 1860లో గాని మరల రాలేదు. మన పాస్టరేటులలో చిన్న మాటకు సంఘము విడిచి ఎదుటి వీధిలో వేరు కూటము పెట్టుకొనువారిని చూచునప్పుడు నాకు ఈ ఐదు వారములు జ్ఞాపకము వచ్చును.

అదే 1844 సెప్టెంబరు 28న డర్‌హామ్ సీమలోని హాస్‌వెల్ బొగ్గుగనిలో ప్రేలుడు జరిగి 95 మంది పురుషులును బాలురును చనిపోయిరి. విచారణకు ప్రభుత్వము ఫారడేను, లయెల్ అను భూగర్భ శాస్త్రజ్ఞుని పంపెను. గాలి ప్రసారమును కొలుచు విధమును చూపుటకు అక్కడి అధికారి చిటికెడు మందుగుండును నిప్పున వేసి పొగ పోవు వేగమును లెక్కించెను. మిగిలిన మందుగుండు సంచి ఎచ్చట అని ఫారడే అడుగగా, ఆయన కూర్చున్నది దానిమీదనే. గాలిలో ఎగిరిన బొగ్గుపొడి మంటను పెంచినదని ఆ ఇద్దరును తమ నివేదికలో తెలిపిరి. గనుల యజమానులు దానిని చాలకాలము లక్ష్యపెట్టలేదు. 2025 జూన్ 30న మన పాశమైలారములో మందుల కర్మాగారము ప్రేలి నలువదిమందికి పైగా కూలివారు మరణించిన దినము మనము మరువలేదు.

1855 జూలైలో ఆయన థేమ్సు నదిమీద పడవలో పోవుచు ఆ నీటి కంపును చూచి, తెల్లని కాగితపు ముక్కలను తడిపి నీటిలో వదలెను. ఒక అంగుళము మునుగకముందే అవి కనబడకుండపోయెను. నదియంతయు మురికికాలువ అయినదని పత్రికకు వ్రాసెను. మూడేండ్లకు, 1858 ఎండకాలమున, ఆ కంపు చట్టసభ గదులలోనికే పోయినప్పుడు ప్రభుత్వము లేచెను. నక్కవాగు ఒడ్డున పొలములున్నవారికి దీనిని విస్తరించి చెప్పనక్కరలేదు. ఆ వాగు కలుషితమును గూర్చిన వ్యాజ్యము 1990లో సుప్రీము కోర్టుకు ఎక్కెను. ఆ నీరు పోయి కలియునది మంజీరలోనే.

రోగియున్న ఇంటివారు ముఖ్యముగా వినవలసినది 1853వ సంవత్సరపు సంగతి. లండనులో జనులు బల్ల చుట్టు కూర్చుండి చేతులానించగా బల్ల తనంతట కదలునని, ఆత్మలే కదల్చుచున్నవని గొప్ప అలజడి పుట్టెను. ఫారడే నవ్వి ఊరకుండలేదు. రెండు పలకల నడుమ గాజు కడ్డీలను దొర్లునట్లు పెట్టి, పై పలక ఏమాత్రము జరిగినను చూపునట్టి పుల్లను అమర్చి, బల్లమీద ఉంచెను. పుల్ల కనబడకుండ మూసినప్పుడు బల్ల కదిలెను, ముందుగా కదిలినవి చేతులే. పుల్ల కనబడునట్లు పెట్టగానే బల్ల నిలిచిపోయెను. వారు మోసగాండ్రు కారు. తమ చేతులు త్రోయుచున్నవని వారికే తెలియదు. మరుసటి సంవత్సరము దానిని గూర్చి ఉపన్యసించుచు, దేవుని ఎరుగుట పరిశోధనవలన కలుగునది కాదని ముందు చెప్పి, అయితే ఆయన సృష్టిని చూచి తెలిసికొనవలసినవి కలవని రోమా పత్రిక మొదటి అధ్యాయమును చూపెను. మూర్ఛ వచ్చినవానిని దయ్యము పట్టినదని కట్టివేసి కొట్టుట మన పల్లెలలో ఇంకను పోలేదు. మత్తయి 4:24లో యేసునొద్దకు తేబడినవారి వరుసను చూడుడి. దయ్యము పట్టినవారు వేరుగాను, చాంద్రరోగులు, అనగా మూర్ఛరోగులు, వేరుగాను చెప్పబడియున్నారు.

ఫారడేకే తల జబ్బు కలదని చాలమంది ఎరుగరు. 1839 చివర ఆయనకు తల తిరుగుట, మరపు పట్టుకొనెను. కొన్ని సంవత్సరములు పరిశోధనను దాదాపు మానవలసివచ్చెను. 1841లో సారా ఆయనను స్విట్జర్లండు కొండలకు తీసికొనిపోయెను. అచ్చట రోజుకు ముప్పది మైళ్లు నడువగలిగెను గాని, చదివినది నిలుచుట లేదు. కాళ్లు బాగుగానే నడచినవి, జ్ఞాపకమే నడువలేదు. ఆ జబ్బునకు ఆనాడు మందు లేదు. కొంత కోలుకొని 1845లో వెలుగునకును అయస్కాంతమునకును గల సంబంధమును కనుగొనెను. 1860లో క్రిస్మసు దినములలో పిల్లలకు కొవ్వొత్తిని గూర్చి ఉపన్యాసములు చెప్పెను. చేసిన ప్రతి పరీక్షకు సంఖ్య వేసి వ్రాసికొనుట వాట్స్ పుస్తకమువలన కలిగిన అలవాటు గనుక, తాను మరచినదానిని తన నోటు పుస్తకములో వెదకుకొనుచుండెను. ఒక్కొక్కప్పుడు చేసిన పనినే మరల చేయబూని, పాత పుటలలో దానిని కనుగొనెడివాడు.

1862 జూన్ 20న చివరి ఉపన్యాసమిచ్చెను. వెనుక రాణి విక్టోరియా హాంప్టన్ కోర్టులో ఇచ్చిన ఇంట కాలము గడపెను. బిడ్డలు లేరు. సారా నడువలేని స్థితికి వచ్చెను. ఆమె అన్నకుమార్తె జేను ఇద్దరికిని పరిచర్య చేసెను. చివరి దినములలో ఆయనకు మాటలు కూడ తప్పిపోయెను. కిటికీయొద్ద కూర్చుండి సూర్యాస్తమయమును చూచుచుండెడివాడు. 1867 ఆగస్టు 25న ఆదివారము, తన కుర్చీలోనే మరణించెను. ఆయన కోరినట్లు ఆర్భాటము లేక, బంధువులు కొద్దిమంది మాత్రమే వెంటరాగా, హైగేటు శ్మశానములో అన్యశాఖలవారికి విడిచిన భాగమున పాతిపెట్టిరి. రాతిమీద పేరు, పుట్టిన తేది, మరణించిన తేది మాత్రమున్నవి.

ఆ ఇనుప ఉంగరము లండనులో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ప్రదర్శనశాలలో ఇప్పటికిని ఉన్నది. తీగెల నడుమ ఆయన చుట్టిన నూలుగుడ్డ, దారము కనబడుచున్నవి.